ఆరో గూడు

తుపాకీ గొట్టం లోపల ఎంత చీకటి ఉంటుందో ట్వైలాకి మంగళవారం పొద్దున తెలిసింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అత్తగారు ఆల్మెడా ఎత్తడం లేదని, పక్కనే ఉన్న తమ చిన్న ట్రైలర్ ఇంట్లోంచి చెప్పులైనా లేకుండా అత్తగారి పెద్దింటికి పరుగెత్తిన పొద్దున అది. ఆ ఇంటికి తాళం వెయ్యడం ఎవరూ ఎరగరు. తలుపు తోసుకుని పడగ్గదిలో అడుగుపెట్టేసరికి, దిండుకి ఆనుకుని కూర్చున్న ఎనభై ఏళ్ళ మనిషి చేతిలో, పోయిన చలికాలం కన్నుమూసిన మామగారు హోయ్ట్ రివాల్వర్ కనిపించింది.

"ఎవరది? పేరు చెప్పు."

"నేనే" అంది ట్వైలా.

"ఈ కౌంటీలో అందరూ 'నేనే'లే. పేరు చెప్పమన్నాను."

పేరు చెప్పాక గొట్టం కిందికి దిగింది. ఫోన్ రిసీవర్ మంచం కింద పడి ఉంది. అంతే జరిగింది. కానీ ఆ సాయంత్రం ట్వైలా మొగుడు రాయ్స్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. కంటిచూపు పోయిన అమ్మ పక్కలో తుపాకీ ఉండటానికి వీల్లేదు. అది ఇచ్చేస్తే అమ్మ ఈ ఇంట్లోనే ఉంటుంది. ఇవ్వకపోతే లబ్బక్ పట్నంలో ముసలివాళ్ళని చూసుకునే హోములో గది సిద్ధంగా ఉంది. శనివారం దుప్పట్లు మార్చేటప్పుడు నువ్వే తీసుకొచ్చేయ్ అన్నాడు పెళ్ళాంతో.

అదిగో, ఇవాళ శనివారం.

గాలి పొద్దుటినుంచే మొదలైంది. పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బి, తీగని ఒక పక్కకి లాగుతున్నాయి. గాలిమర రెక్కలు ఊపిరి తిప్పుకోకుండా తిరుగుతున్నాయి. ఇంకో దుప్పటికి క్లిప్పుల కోసం ట్వైలా ఏప్రాన్ జేబులో చెయ్యి పెడితే, క్లిప్పులతోబాటు ఆ నోటు కూడా వేలికి తగిలింది. బుధవారం అత్తగారి కంటి చుక్కల మందు కోసం రాయ్స్ ఇచ్చిన పాత ఇరవై డాలర్ల నోటు. ఎంత చదును చేసినా చిత్రిక పట్టిన చెక్కపొట్టులా మళ్ళీ చుట్టుకుపోతోంది. మందుల షాపు అమ్మాయి దాన్ని చూసి, "దీన్ని స్ట్రాలో దాచారా ఏంటి మిస్ ట్వైలా? మా మెషీన్ ఇంత పాతవి తీసుకోదు" అని నవ్వింది. ట్వైలా వేరే నోటు ఇచ్చి, దీన్ని జేబులో వేసుకుని మరిచిపోయింది.

ఇప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె మనసంతా లోపలి మంచం మీద ఉంది.

ఆ మంచానికి కుడిపక్క, పరుపుకీ మంచం చట్రానికీ మధ్య ఒక డెనిమ్ గుడ్డ దోపి ఉంటుంది. దాని చివర ఒక జేబు వేలాడుతుంది. హోయ్ట్ పాత జీన్స్ వెనక జేబు విప్పి, లోపల దుప్పటి ముక్క అతికి ఆల్మెడా స్వయంగా కుట్టింది. రివాల్వర్ ఉండేది అందులోనే. పిడి పైకి, సరిగ్గా నిద్రలో చెయ్యి జారే చోటుకి. ఆ ఇంట్లో అందరి బట్టలూ ఉతికినట్టే ఆ జేబునీ ఉతికి ఆరేస్తుంది ఆవిడ. శనివారాలు పక్క మార్చేముందు రివాల్వర్ తీసి కిటికీ గట్టు మీద, జెరేనియం కుండీ పక్కన పెడుతుంది. కొత్త దుప్పటి పరిచాక మళ్ళీ జేబులో పెడుతుంది. ఇంకొకరి చెయ్యి దాని మీద పడనివ్వదు. ఇన్నేళ్ళుగా ట్వైలా దాన్ని ముట్టుకున్నది లేదు.

ట్వైలా లోపలికి వచ్చింది.

ఆల్మెడా మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చూపు మధ్యలో ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టు ఉంటుంది ఆవిడకి. అంచులు మాత్రం కనిపిస్తాయి. అందుకని మనిషిని చూడాలంటే తల పక్కకి తిప్పుతుంది, కోడిపెట్ట చూసినట్టు.

"బీన్స్‌లో ఉప్పు వేశావా?"

"వేశాను మిస్ ఆల్మెడా."

"రొట్టె?"

"ఓవెన్‌లో ఉంది."

"అయితే పక్క మార్చు. ఇవాళ దాన్ని నువ్వే తియ్యి."

ట్వైలా చేతిలో దిండు గలేబు జారిపోయింది. "నేనా?"

"నీకు చేతుల్లేవా? తియ్యి. కరవదు."

ఎలా అడగాలా అని రాత్రంతా మాటలు కూర్చుకున్న మనిషికి, అడక్కుండానే దొరికింది. వంగి, డెనిమ్ జేబులోంచి రెండు చేతులతో దాన్ని పైకెత్తింది. అనుకున్నదానికంటే బరువు. చల్లగా లేదు. రాత్రంతా మనిషి పక్కన పడుకున్న వెచ్చదనం దానికీ ఉంది. పిడి చెక్క మీద గీతలన్నీ అరిగి, సబ్బుబిళ్ళలా నున్నగా అయిపోయింది.

ఆల్మెడా తల పక్కకి వంచి ఫక్కున నవ్వింది. "ఎలా పట్టుకున్నావే దాన్ని! పొయ్యిలోంచి కాలే క్యాసరోల్ గిన్నె దించినట్టు. గుడ్డ ముక్క కూడా కావాలా?"

"భయంగా ఉంది."

"షెరీఫ్ దగ్గర పోలీసు డిప్యూటీ కూతురివి. మీ నాన్న నడుముకి ఇలాంటిదే కదా వేలాడేది."

"మా నాన్న మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంటికి రాగానే బీరువా మీద పెట్టేవాడు. ఆ బీరువాకేసి చూడ్డానికి కూడా మాకు దడే."

ఆ జవాబు కోసమే కాచుకున్నట్టు ఆల్మెడా వేళ్ళు కుర్చీ చేతి మీద ఒక్కసారి ఆడి ఆగాయి. అది ట్వైలా గమనించింది. ఎందుకో అర్థం కాలేదు.

"సరే. రాయ్స్ ఏం చెప్పి పంపాడు?"

దాచి లాభం లేదనిపించింది. "దీన్ని తీసుకొచ్చెయ్యమన్నాడు."

"నన్నడగడానికి వాడికి నోరు రాలేదా? అంత పొడుగు మనిషి, పెళ్ళాన్ని ముందుకి తోశాడా?"

"ఆయన మీ గురించే కదా బెంగపడుతున్నాడు! మంగళవారం మీరు నా మీద గురిపెట్టారు మిస్ ఆల్మెడా. నా మీద! ఎదురుగా ఉన్నది నేనని మీకు కనిపించలేదు. రేపు చర్చి వాళ్ళెవరో కూర గిన్నె పట్టుకుని వస్తారు. ఎల్లుండి మీటరు చూసే అబ్బాయి వస్తాడు. అప్పుడేం చేస్తారు?"

"ఏం చేస్తాను? పేరడుగుతాను."

"చేతిలో తుపాకీతోనా?"

"అది లేకుండా అడిగితే ఎవడు చెప్తాడే, వెర్రిదానా?"

ఆవిడ గొంతు పెంచలేదు. గలేబు వెతుక్కుని ఒళ్ళోకి లాక్కుని, మూల మూలకి కలిపి మడత పెడుతూ మాట్లాడింది. "అందరూ అనుకుంటారు, అది చంపడానికని. దీన్ని పక్కలో పెట్టుకుని కాపరమంతా గడిపాను. దీంతో ఒక్క ప్రాణం తియ్యలేదు, పాముల్ని లెక్కెయ్యకపోతే. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి హోయ్ట్ పశువుల వేలానికి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం దుమ్ము లేచింది. నా చెయ్యి నాకు కనిపించనంత ఎర్ర దుమ్ము. ఎవడో తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేశాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు, నెత్తురోడుతున్నాడు. నేను దీన్ని ఎత్తి పేరడిగాను. చెప్పాడు. ఊరడిగాను. అదీ చెప్పాడు. పాపం, ట్రక్కు కాలవలో పడేసుకున్న గొర్రెల వ్యాపారి. కూర్చోమని బీన్స్ పెట్టాను. అతను తిన్నంతసేపూ ఇది గిన్నెలు తుడిచే గుడ్డ కింద, బల్ల మీదే ఉంది. అతనికీ తెలుసు. 'ఇంకొంచెం వెయ్యమంటారా మేడమ్' అని వాడే నాకు వడ్డించాడు, అంత మర్యాద!"

ట్వైలాకి నవ్వు ఆగలేదు.

"ఇది లేకపోతే కేకలేసేదాన్ని. లేకపోతే పొయ్యి మీది నూనె వాడి ముఖాన కొట్టేదాన్ని. ఇది ఉంది కాబట్టి అడగడానికి తీరుబాటు దొరికింది. షెరీఫ్ మనిషి ఇక్కడికి రావాలంటే మనం కాఫీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించినా రాడు. ఆలోగా అడిగేది నేనే. నాకు చూపు తగ్గింది నిజమే. అందుకే ఇంకా గట్టిగా అడుగుతున్నాను. నిన్ను కాల్చానా?"

"లేదు."

"పేరడిగాను. చెప్పావు. దించాను. కళ్ళున్నవాళ్ళలో ఆ పాటి చేసేవాళ్ళు ఎంతమంది?"

ట్వైలాకి మంగళవారం నాటి ఆ చెయ్యి గుర్తొచ్చింది. ముడతలు పడి, నరాలు తేలిన చెయ్యి, ఇసుమంత కూడా వణకలేదు. తన పేరు విన్న క్షణంలోనే గొట్టం కిందికి దిగింది. అప్పుడు భయంలో చూడలేకపోయింది గానీ, ఆ దించడంలో ఎంత నిబ్బరం ఉందో ఇప్పుడు, ఈ పగటి వెలుగులో, జెరేనియం పూల పక్కన నిలబడి తలుచుకుంటుంటే తెలిసింది. చీకటి నిండిన కళ్ళతో ఒక మనిషి తన ఇంట్లో తాను ఇంత నిదానంగా ఎలా కూర్చోగలుగుతోంది?

"ఇటివ్వు" అంది ఆల్మెడా, చెయ్యి చాపి.

ట్వైలా ఇచ్చింది. ఆ చేతిలోకి వెళ్ళగానే రివాల్వర్‌కి ఇల్లు దొరికినట్టైంది. బొటనవేలు దాని చోటికి, చూపుడువేలు ట్రిగ్గర్‌కి దూరంగా పక్కన, తమంతట తామే సర్దుకున్నాయి. ఆవిడ అరచేతిలో దాన్ని ఒకసారి పైకీ కిందికీ ఊగించింది. చంటిపిల్లని ఎత్తుకుని, పాలు సరిగ్గా తాగిందా అని తూచి చూసే తల్లిలా.

"బరువుగా ఉంది."

"అవును, నాకూ అనిపించింది."

"నీకు ఎప్పుడైనా బరువే. నాకు బరువుగా ఉంది." ఆవిడ ముఖం మారింది. "మంగళవారం నీకేసి ఎత్తినప్పుడే తెలిసింది. అది ఎప్పటిలా లేదు. ఎవరో దీని కడుపు నింపారు."

రివాల్వర్ వెనక ఉన్న సుత్తిని బొటనవేలితో కొంచెం వెనక్కి లాగింది. టిక్కుమని ఒకసారి, టిక్కుమని ఇంకోసారి. పక్కనున్న చిన్న తలుపు తీసింది. తూటాల చక్రం వదులై తిరగసాగింది. చక్రంలో ఒక్కొక్క గూడూ ఆ చిన్న తలుపు ముందుకి వచ్చి ఆగుతుంటే, బొటనవేలి కొసతో తూటా వెనకభాగం తడిమి ముందుకి పంపుతోంది. జపమాల తిప్పేవాళ్ళని ట్వైలా చూసింది. అందులోనూ ఇంత శ్రద్ధ లేదు.

"ఈ ఇంట్లో ఆరు గూళ్ళ తుపాకీలో ఐదే వేస్తారు. రాయ్స్ చెప్పలేదూ నీకు?"

చెప్పాడు. పెళ్ళికి ముందు, వాళ్ళు తిరుగుతున్న రోజుల్లో గొప్పగా చెప్పాడు. ఇలాంటి పాతకాలపు తుపాకీలో సుత్తి వాలి ఉండే గూడు ఖాళీగా ఉండాలి. అక్కడ తూటా ఉంటే, కింద పడ్డా చాలు పేలుతుంది. వాళ్ళ తాత అలాగే ఉంచేవాడు, నాన్న అలాగే ఉంచాడు. 'మా ఇంట్లో నడక రాకముందే ఆ సంగతి వస్తుంది' అన్నాడు.

"ఖాళీ అని లోకానికి చెప్పేవాళ్ళం. రాయ్స్‌కీ అంతే తెలుసు" అంది ఆల్మెడా. "కానీ ఖాళీ కాదు. హోయ్ట్ ఆ ఆరో గూట్లో ఒక నోటు చుట్టి పెట్టేవాడు. పశువులు తోలుకుని నెలల తరబడి తిరిగే కాలంలో వాళ్ళ తాత అలవాటట. ఎక్కడ పడిపోయినా, దొరికినవాళ్ళకి గొయ్యి తవ్విన కూలి మిగలాలని. తన మట్టి ఖర్చు. మా పెళ్ళి రాత్రి నాకు చూపించాడు. 'ఐదు ఎదుటివాడికి, ఒకటి నాకు' అన్నాడు. ఆ గూడు సంగతి ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఆయన పోయినప్పుడు కూడా నేనది తియ్యలేదు. మంచి పెట్టెలో, చర్చి వాళ్ళందరి మధ్యా సాగనంపాం. ఇంక ఆ నోటుకి పని లేదు. ఉండనీ, ఆయనదే కదా అనుకున్నాను. రాత్రిళ్ళు ఆ గూడు మీద వేలుపెట్టి పడుకునేదాన్ని."

చక్రం ఆగింది. ఆవిడ బొటనవేలు ఇత్తడి మీద ఆగిపోయింది.

"అదిగో. కాయితం అంచు తగలాల్సిన చోట."

గొట్టం కిందున్న పుల్లని నొక్కింది. ఒక లావుపాటి తూటా జారి ఆవిడ ఒళ్ళోని దిండు గలేబు మీద పడింది. కొత్తది, తళతళలాడుతోంది.

ట్వైలా చెయ్యి ఏప్రాన్ జేబులోకి వెళ్ళింది. తనకి తెలియకుండానే వెళ్ళింది. క్లిప్పుల మధ్య ఆ నోటు, చిటికెనవేలంత లావున, బిగుతుగా చుట్టుకుని ఉంది.

"దీని మీదే వాలి ఉంది సుత్తి" అంటోంది ఆల్మెడా. "ఇందాక నువ్వు జారవిడిచి ఉంటే మనిద్దర్లో ఒకరి వంతు బీన్స్ ఇవాళ మిగిలిపోయేవి. ఇది పెట్టింది మొదట నువ్వే అనుకున్నాను."

"నేనా! నేనెందుకు…"

"పోలీసువాళ్ళ తుపాకులు వేరు. వాటిలో ఆరూ నింపుతారు. మీ ఇంట్లో అది చూసి పెరిగి, తెలియక, మంచికే నింపావేమో అనుకున్నాను. అందుకే నీ చేత తీయించాను. నువ్వు నన్ను కనిపెట్టుకుని ఉంటున్నావుగా, ఇవాళ నేను నిన్ను కనిపెట్టాను." ఆవిడ తల ఇటు తిప్పింది, కంటి అంచుతో కోడలి ముఖం పట్టుకోవడానికి. "క్యాసరోల్ గిన్నెలా పట్టుకున్నదానివి, దీని తలుపు ఎక్కడుందో కూడా తెలీనిదానివి. నువ్వు కాదు. ఇంక ఈ గదిలోకి వచ్చేది…"

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది. ఇద్దరే వస్తారు ఆ గదిలోకి.

బయట దుప్పటి ఒకటి ఫట్‌మని కొట్టుకుంది. నోటు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాలనిపించింది ట్వైలాకి. 'ఇదిగో హోయ్ట్ గారిది, నా దగ్గరుంది' అనాలనిపించింది. అంటే వెంటనే 'నీకెవరిచ్చారు' అని అడుగుతుంది. పేరడగడమే కదా ఆవిడ పని. ఆ పేరు చెప్పడానికి నాలుక రాలేదు.

ఆల్మెడా మిగిలిన ఐదూ తడిమి చూసుకుంది. ఖాళీ గూటిని సుత్తి కిందికి తెచ్చి, సుత్తిని మెల్లగా దించింది. అప్పుడు పిడి ముందుకి పెట్టి కోడలికి అందించింది.

"ఇప్పుడు క్షేమం. తీసుకెళ్తావో, ఉంచుతావో నీ ఇష్టం. నువ్వు తీసుకెళ్తే నేను నోరెత్తను. లబ్బక్ వెళ్ళమన్నా వెళ్తాను. కానీ ఈ తూటా పెట్టిన చేతికి మాత్రం దీన్ని ఇవ్వకు."

ఎవరు ఎవరి దయలో ఉన్నారో ట్వైలాకి ఒక్క క్షణం తెలియలేదు. ఈ మనిషిని ఇంట్లోంచి కదిలించాలన్నా, ఉంచాలన్నా ఇదిగో ఈ ఇనుప ముక్కని తాను ఎటు తీసుకెళ్తుందన్న దాని మీదే ఉంది. ఆ మనిషే దాన్ని, పిడి తనవైపు తిప్పి, పెళ్ళికూతురికి గాజులు అందించినట్టు అందిస్తోంది.

అందుకుంది. ఈసారి ఒక్క చేత్తో పట్టుకుంది. ఉతికిన దుప్పటి తెచ్చి పరిచి, మూలలు బిగించి, డెనిమ్ గుడ్డని పరుపు కింద సరిగ్గా దోపింది. రివాల్వర్‌ని పిడి పైకి వచ్చేలా జేబులో పెట్టింది. ఆల్మెడా చెయ్యి చాపి, నిద్రలో జారినట్టు కిందికి జార్చి చూసుకుంది. సరిగ్గా అందింది.

"బాగా పెట్టావు" అంది. ఆ ఒక్క మాటకి, పెళ్ళైనప్పటినుంచీ ఆవిడ నోట వినని ఆ మాటకి, ట్వైలా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కన కూర్చుని బఠాణీలు వలిచింది తను, చర్చిలో ఒకే పుస్తకం పట్టుకుని పాడింది. ఎంత పెద్ద మనిషి పక్కన కూర్చుందో ఇవాళే చూస్తున్నట్టు ఉంది.

బయట రోడ్డు మీద చక్రాల కింద సున్నపురాళ్ళు నలిగిన చప్పుడైంది.

"రాయ్స్" అంది ఆల్మెడా. "వాడి ట్రక్కు వెనక తలుపు గలగలమంటుంది. వెళ్ళు. బీన్స్‌లో ఉప్పు వేశావా?"

"వేశాను మిస్ ఆల్మెడా. ఇందాక చెప్పానుగా."

"చెప్పావా?" అంది ఆవిడ, తెల్ల దుప్పటి మీద చేత్తో రాస్తూ. "సరే, సరే."

ఆవిడ ఒళ్ళోని తూటాని తీసి గుప్పిట్లో పట్టుకుని ట్వైలా వరండా దాటింది. ట్రక్కు గేటు దగ్గర ఆగి ఉంది, ఇంజను ఆపలేదు. రాయ్స్ టోపీ వెనక్కి తోసుకుని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇచ్చిందా?"

ట్వైలా జేబులోంచి నోటు తీసి చదును చేసి, అతని అరచేతిలో పెట్టి వదిలేసింది. అది మెల్లగా, బతికున్నదానిలా, మళ్ళీ చుట్టుకుంది.

"ఏంటిది? నేను బుధవారం నీకిచ్చిందేగా. ఇంకా మార్చలేదా?"

"మీ నాన్న మట్టి ఖర్చు."

"మట్టి ఖర్చేంటి?"

అతని ముఖంలో దొంగతనం కోసం వెతికింది. ఇరవై రెండేళ్ళుగా చదువుతున్న ముఖం. అబద్ధం చెప్పేటప్పుడు అతని ఎడమ చెవి ఎర్రబడుతుంది. చెవి మామూలుగా ఉంది. ఆమె గుప్పిట తెరిచి తూటా చూపించింది.

"ఆరో గూట్లో ఇది పెట్టి, అందులోంచి ఆ నోటు తీశావు. ఆరో గూట్లో, రాయ్స్! మీ ఇంట్లో పుట్టినవాడివి!"

"నేనా?" రాయ్స్ ఇంజను ఆపేశాడు. గాలి చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. తూటాకేసి, నోటుకేసి, మార్చి మార్చి చూశాడు. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"నేను నాన్న పోయాక ఆ తుపాకీని ముట్టుకోనేలేదు ట్వైలా. ఈ నోటు పోయిన ఆదివారం, చర్చి నుంచి దింపినప్పుడు, అమ్మే నా చేతిలో పెట్టింది. 'పెట్రోల్‌కి ఉంచరా' అంది. ఈ రకం తూటాల డబ్బా ఒకటి కొని తెమ్మంది కూడా. తెచ్చి వంటింట్లో ఆవిడ చేతికే ఇచ్చాను."

ఉప్పు సంగతి ఆవిడ రెండోసారి ఎందుకు అడిగిందో ట్వైలాకి ఇప్పుడు అర్థమైంది. వెనక్కి తిరిగి చూసింది. ఆ మంచం పక్కన రివాల్వర్‌ని తాను స్వయంగా, పిడి పైకి వచ్చేలా, చెయ్యి జారే చోట సరిగ్గా అమర్చి వచ్చింది.

ఆ ఇంటికి, తాళం అన్న మాటే ఎరగని ఆ ఇంటికి, లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది.